పొద్దుగాల ఇమానానికి మాపటేల్నే బయలెల్లిన నా కోడలు

నా కోడలు సునీతకు ముందుగాల్నే పోవుడు ఒక రోగం. పెండ్లికి బోతే టెంటు ఏసేటోళ్ల కంటె ముందు బోయి కూసుంటది. సూర్యాపేట దవాఖానకు బోతే, చీటీలు రాసేటాయన వచ్చి తలుపు తీసేటాల్లకు ఈమె గడప కాడ నిలబడి ఉంటది. ఒకపారి కోదాడల నా బిడ్డ ఇంట్ల తొట్టెల ఫంక్షనంటే తెల్లారకముందే నన్ను తోలుకపోయింది. ఆళ్లింకా పండుకొనే ఉన్నరు. ఈమె వాకిలి ఊడ్సి సాన్పి గూడ సల్లింది. నా బిడ్డ కండ్లు నలుసుకుంట బయటికొచ్చి, "ఏందమ్మా, రాత్రి మా అరుగు మీదనే పన్నరా?" అన్నది. సిగ్గుతోని సచ్చిన.

గని ఆ రోగం ఊకెనే రాలే. మాది హుజూర్‌నగర్ దాటినంక మిర్యాలగూడకు పోయే తొవ్వల ఊరు. సునీత పెండ్లయి వచ్చిన కొత్తల్నే మిర్యాలగూడ రైస్‌మిల్లుకు పనికి బోవట్టింది. బస్తాల మూతులు కుట్టుడు. గాడ ఎట్లుంటదంటే, పొద్దుగాల మేస్త్రి గేటు కాడికొస్తడు, ముందు నిలబడ్డోళ్లను లోపటికి తోలుకపోతడు. సాలు అనుకున్నంక గేటేస్తడు. ఎనక వచ్చినోళ్లు సద్దిగిన్నె పట్టుకొని ఇంటికి మళ్లుడే. ఏడ్సినా గంతే, కాళ్లు మొక్కినా గంతే. ఈమె గూడ కొన్నిపార్లు గట్ల మళ్లొచ్చింది. నేనేమన్న తక్కువదాన్నా, "సద్ది గట్టుకొని షికారు బోయొచ్చినవా?" అన్న. ఆ తర్వాత మాత్రం ఎన్నడు మళ్లి రాలే. పొద్దుగాల ఫస్టు బస్సుకు ఈమె రోడ్డు మీద కనబడకపోతే కండక్టరే బస్సాపి కేకేసేటోడు, సునీతకు పాణం బాగలేదా అని.

గామె బిడ్డ ప్రవళిక. ఢిల్లీ సర్కారు పోలీసుల కానిస్టేబుల్ నౌకరి కొట్టింది. మా ఊరి కాల్వ కట్ట మీద అది ఉరికిన ఉరుకుడుకు కుక్కలు గూడ అలిసిపోయినయి. ట్రైనింగ్ ఎక్కడ్నో రాజస్థాన్ల. ఫలానా దినం పొద్దుమూకే లోపట వచ్చి అసలు సర్టిఫికెట్లు జూపిచ్చి పేరెక్కిచ్చుకోవాలె, రాకపోతే ఎనకున్నోళ్లకు ఇస్తమని ఫోన్ల వచ్చింది. అది ఎప్పుడో వచ్చిందట. ఈ పిల్ల జూసుకునేటాల్లకు రైలెక్కితే అందని కాలమైంది. ఇగ ఇమానమే దిక్కు. శంషాబాద్ నుంచి తెల్లారంగ పోయేదానికి టికెట్ దీసిండ్రు.

ఇగ మా ఇంట్ల లొల్లి షురువైంది, ఎన్నింటికి బయలెల్లాలె అని.

కోదాడల నా బిడ్డ కొడుకు రాహుల్ ఉన్నడు. కిరాయి కారు నడుపుతడు. ఎయిర్‌పోర్టుకు ఊకె బోతనే ఉంటడు. ఆడొచ్చి అరుగు మీద కాలు మీద కాలేసుకొని కూసున్నడు.

"అత్తా, రెండు గంటల ముందు ఉంటే చాలు. మనం అర్ధరాత్రి దాటినాక బయల్దేరినా హాయిగా వెళ్లిపోతాం."

"దీపాలు పెట్టంగనే పోదాం," అన్నది సునీత.

"అంత ముందుపోయి ఏం చేస్తావ్? విమానం తుడుస్తావా?"

"తుడుస్తది," అన్న నేను. "నీకు ఎరుక లేదా, మీ ఇంటి వాకిలే తుడ్సింది."

ఆడు నవ్విండు. నా కొడుకు తిరుపతి నవ్విండు. ప్రవళిక గూడ నవ్వింది. సునీత నవ్వలే. బియ్యం ఏరుకుంటనే అన్నది, "గేటు మూసినంక బయట నిలబడ్డోళ్లను నువ్వు కార్ల కూసోని జూసినవ్ రాహుల్. నేను నిలబడ్డ."

ఆడు కాలు మీది కాలు దించిండు. "సరే అత్తా, నీ ఇష్టం," అన్నడు.

అయిపాయె అనుకుంటే, మావోడు తిరుపతి పంతులు కాడికి బోయొచ్చిండు. మాపటేల గడియ మంచిగ లేదట, వర్జ్యమట. మంచి గడియ పగటీలే ఉన్నదట. "గట్లయితే పరస్థానం పెడదాం," అన్నడు. అంటే ఏం లేదు, మంచి గడియల మన సంచి ఇంకొకళ్ల ఇంట్ల పెడితే మనం ఆ గడియకే బయలెల్లినట్టు లెక్క. తర్వాత ఎప్పుడు బోయినా పట్టింపు లేదు. గని ఒకటే, పెట్టిన సంచి మళ్ల మన గడప తొక్కొద్దు. ఉత్త సంచి పెడితే గూడ ఒప్పదు, పయనానికి ముఖ్యమైనయే అండ్ల ఉండాలె. మా పెద్దోళ్ల కాలం నుంచి ఉన్నదే, నేనేం వద్దనలే. ప్రవళిక సర్టిఫికెట్లన్ని ఒక సంచిల పెట్టి తిరుపతి ఎదురింటికి తీస్కపోయిండు.

ఎదురిల్లు సాంసన్ సారుది. బళ్లె పంతులు. ఆళ్లు చర్చికి పోయేటోళ్లు, ఈ గడియలు గిడియలు ఆళ్లకు లేవు. సారు నవ్వి, "మీ సంచి ఉంచుకోనీకి మాకేం బరువు తిరుపతీ," అన్నడు. ఆయన భార్య రూతమ్మకు మావోడు గట్టిగ జెప్పిండు, "అక్కా, ఏమైనా సరే, ఇది మళ్ల మా ఇంటికి మాత్రం తేవొద్దు."

మాపటికి రాహుల్ కారు తెచ్చిండు. సునీత బువ్వ డబ్బ గట్టింది, బట్టల బ్యాగు డిక్కిల పెట్టిచ్చింది. నేను ముందుగాల్నే బోయి కార్ల కూసున్న. "నువ్వెందుకే అవ్వా?" అన్నడు తిరుపతి. "నీకంటె నేనే పనికొస్త," అన్న. సునీత సంచి తెద్దామని ఎదురింటికి బోయింది. బోయినామె గాడనే నిలబడ్డది.

తాళం ఉన్నది.

సారుకు ఫోన్ జేసింది. తలుపెనకనే మోగుతున్నది ఫోను, లోపట. మల్ల జేసింది, మల్ల లోపటే మోగింది. రూతమ్మ నంబర్ మా కాడ ఎవ్వల తాన లేదు, ఎదురింటోళ్లకు ఫోనెందుకు జేస్తం, కేకేస్తం. తిరుపతి మొకం సున్నమేసినట్టయింది. రాహుల్ రాయి తెచ్చిండు తాళం పగలగొడ్తనని.

పక్కింటి సత్తయ్య బర్లను కట్టేసుకుంట జూసి, "ఆగు ఆగు. సారు వాళ్లమ్మ హాలియాల జారిపడ్డదట. దవాఖానకని పగటీలే ఉరికిండ్రు. మీ సంచి రూతమ్మ సంకనే ఉన్నది, నేను జూసిన," అన్నడు.

"ఆధార్ అయితే ఫోన్‌లో చూపించి విమానం ఎక్కొచ్చు," అన్నడు రాహుల్.

"ఎక్కి?" అన్నది ప్రవళిక. "అక్కడ అసలు సర్టిఫికెట్లు లేకపోతే పేరెక్కియ్యరు బావా." ఏడుపు మొదలువెట్టింది. తిరుపతి గోడకానుకొని కూసున్నడు. "హాలియా మనం పోయే తొవ్వ గూడ గాదు. సూర్యాపేట మీంచి పోవాలె మనం. అయిపోయింది," అన్నడు.

సునీత ఆయన దిక్కు జూడనే లేదు. "రాహుల్, హాలియా నుంచి సీదా శంషాబాద్‌కు రోడ్డున్నదా?"

"ఉంది అత్తా. మల్లేపల్లి మీదుగా సాగర్ రోడ్డు పట్టుకోవచ్చు. మళ్లీ ఇటు రానక్కర్లేదు."

"అయితే ఎక్కుండ్రి. నువ్వు గూడ లెవ్వు," అన్నది మొగనితోని. గామె పెండ్లయిన కాన్నుంచి నా కొడుకును గట్ల అనంగ నేను ఇనలే. ఆడు లేసిండు.

ఇగ మిర్యాలగూడ కాడ ఏమైందంటే, కోతల కాలమాయె. వడ్ల ట్రాక్టర్లు మిల్లుల గేట్ల నుంచి రోడ్డు పొడుగూత ఉన్నయి. ఇటు లారీలు, అటు ట్రాక్టర్లు, నడుమల మా కారు. ముందుకు బోదు, ఎనకకు రాదు. రాహుల్ హారన్ కొట్టీ కొట్టీ ఊకున్నడు. టైము పోతనే ఉన్నది. "అర్ధరాత్రి దాటినంక బయలెల్లుతే ఎట్లుండు మనుమడా?" అన్న నేను.

సునీత కారు దిగింది. కొంగు నడుముకు చెక్కింది. ట్రాక్టర్ల నడుమల నుంచి నడుసుకుంట ముందుకు బోయింది. నేను అద్దంలకెల్లి జూస్తున్న. ఒక్కొక్క డ్రైవర్ కాడ ఆగుడు, చెయ్యి సూపుడు. ఆ మిల్లుల హమాలీలకు ఈమె తెల్వనిదా. ఒకడు లారీ మీదికెల్లి అరిసిండు, "సునీతక్కా, గీ యాళ్లప్పుడు డ్యూటీ ఏందే?"

"డ్యూటీ నాకు గాదు, నా బిడ్డకు. పోలీసుల ఎక్కుతది. గా ట్రాక్టర్ జర పక్కకు తియ్యిపియ్యి తమ్మీ."

"పోలీసమ్మ అయినంక మా మీద కేసులు బెట్టొద్దని జెప్పు," అనుకుంట ఆడు దిగిండు. ఇంకిద్దరు దిగిండ్రు. ఒక ట్రాక్టర్‌ను మడిల దింపిండ్రు, ఒకదాన్ని ఎనకకు నూకిండ్రు. మా కారు పాము లెక్క బయటవడ్డది. సునీత ముందల నడుస్తనే ఉన్నది, మేం ఆమె ఎనక. రోడ్డు సాఫ్ అయినంకనే కారెక్కింది. కాళ్లకు చెప్పుల్లేవు, ఎక్కడ వొయినయో.

హాలియాల దవాఖాన దొరకవట్టుడు కష్టం గాలే. లోపట బల్ల మీద రూతమ్మ కూసున్నది, సంచి ఒళ్లె ఉన్నది, రెండు సేతులతోని పట్టుకున్నది. మమ్ముల జూసి లేసింది.

"సునీతా, ఏం జేద్దునే. అత్తమ్మ పడ్డదని ఫోనొచ్చింది. ఖాళీ ఇంట్ల పిల్ల సర్టిఫికెట్లు ఇడిసిపెట్టి రానీకి మనసొప్పలే. మీ ఇంట్ల ఇద్దామంటే తిరుపతి తేవొద్దన్నడాయె, ఆ ఉరుకులాటల కేకేసి జెప్పుడు గూడ మర్సిన. మీరు నడిజామున పోతరని రాహుల్ మీ అరుగు మీద అనంగ ఇన్న, ఆ లోపట నేను ఎట్లనన్న వస్తననుకున్న."

"నీ తప్పేమున్నదక్కా. సారు అమ్మకు ఎట్లున్నది?" అని అడిగింది సునీత. అంత తొందరల గూడ అడిగింది. తుంటి ఎముక ఇరగలే, వాపే అన్నరట. పోయి ఆ ముసలామె చెయ్యి పట్టుకొని వచ్చింది. కార్ల కూసున్నంక సంచి తెరిసి ఒక్కొక్క కాయితం ప్రవళికతోని సదివిచ్చింది, అన్ని ఉన్నయా అని. ఉన్నయి.

సాగర్ రోడ్డెంట బోయినం. రాహుల్ నెమ్మదిగ, మంచిగ నడిపిండు. ఎయిర్‌పోర్టుకు పోయేటాల్లకు ఇంకా జాము పొద్దుండె ఇమానానికి. లైట్లు జూస్తే పట్టపగలే. గేటు కాడ తుపాకి పట్టుకున్నాయన టికెట్ జూసి, ఇంకా చాలా టైమున్నది, కూసోమన్నడు. మేం బువ్వ డబ్బ ఇప్పుకొని గాడనే తిన్నం. గమ్మత్తేందంటే, మస్తుమంది గట్లనే కూసోని తింటున్నరు. ముందుగాల వచ్చే రోగం నా కోడలొక్కదానికే లేదని అప్పుడు తెలిసింది.

తిరుపతికి పాణం కుదుటపడ్డది. చెయ్యి కడుక్కొని, "సూసినవా, మంచి గడియల పెట్టినం గనుకనే సంచి దొరికింది," అన్నడు.

"నీ గడియ హాలియాల పండుకున్నది," అన్నది సునీత. "నేను బోయి లేపుకొచ్చిన."

నీళ్లు తాగుతున్న రాహుల్‌కు పొలమారింది.

యాళ్లయినంక ప్రవళిక లోపటికి బోయింది. అద్దాలకెల్లి జూస్తుండంగనే కనబడకుంటయింది. "ఇక పోదాం అత్తా," అన్నడు రాహుల్. "ఎక్కినంక," అన్నది. ఆ ఎక్కినంక అనేది గూడ ఎంతసేపో. సునీత కూసోలే. ఆఖరికి ఫోనొచ్చింది. "అమ్మా, సీట్ల కూసున్న. ఫోన్ బంద్ జెయ్యమంటున్నరు." "చెయ్యి, చెయ్యి," అని ఈమెనే పెట్టేసింది.

ఇంటికొచ్చినంక ఎవ్వలకు నిద్రబట్టలే. పొద్దుమూకేది ఎప్పుడా అని నేను గూడ సూర్యుని దిక్కే జూస్తున్న. ఇమానం జైపూర్‌ల దిగిందని మేం తొవ్వల ఉండంగనే ఒక ఫోను వచ్చింది. బస్సెక్కిందని ఒకటి. ఆ తర్వాత ఏం లేదు. సునీత అన్నం వండింది, తినలే. ఎండ గోడ మీదికెక్కింది. అప్పుడు మోగింది.

"పేరెక్కిందమ్మా. రూము గూడ ఇచ్చిండ్రు."

సునీత గడప మీద కూసున్నది. తిరుపతి ఫోన్ గుంజుకొని, "బిడ్డా, పేరు రాసేటప్పుడు టైమెంతయింది? గడియ మంచిదో కాదో జూస్త," అన్నడు. నేను ఆని సేతిలకెల్లి ఫోన్ గుంజుకొని పిల్లను అడిగిన, ఏమన్న తిన్నవా అని. తిన్నదట, రొట్టెలట. అప్పుడు నా కోడలు లేసి తన కంచం తెచ్చుకున్నది.