స్విచ్ ఆపొద్దన్నాను

2020 ఏప్రిల్ మొదటి వారంలో మా కీబోర్డు చిన్న తెరమీద బ్యాటరీ అయిపోవస్తోందని ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. చదివాను. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఇంట్లో వాళ్లను పిలిచి, ఇక మీదట దీని స్విచ్ ఎవరూ ఆపకూడదని చెప్పాను. పగలైనా రాత్రైనా సరే. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా ఆ వైరు కదపకూడదన్నాను.

నా కొడుకూ కోడలూ నవ్వారు. నేను నవ్వలేదు.

అది ఇప్పటి పిల్లలు చంకన పెట్టుకుపోయే తేలికపాటి కీబోర్డు కాదు. ఇరవై కిలోల పైన బరువు. వర్క్‌స్టేషన్ అంటారు. వాయించిన దాన్ని తనలోనే దాచుకుంటుంది. ఏ వేలు ఏ మెట్టును ఎప్పుడు తాకింది, ఎంత గట్టిగా నొక్కింది, ఎంతసేపు ఉంచింది, అన్నీ దానికి గుర్తే. మీట నొక్కితే ఆ వేళ్లే మళ్లీ వచ్చి వాయించినట్టు ఉంటుంది. 2002లో దీపావళి వెళ్లిన వారానికి, ఒక గర్బా ఆర్కెస్ట్రా వాళ్లు కొత్తది కొనుక్కుని దీన్ని వదిలించుకుంటుంటే, పద్దెనిమిది వేలకు తెచ్చుకున్నాం. మా ఆయన పగలు వార్పింగ్ మిషన్ మీద పడుగు నూలు చుట్టేవారు. సెలవునాడు సూరత్‌లోని మన తెలంగాణ వాళ్ల పెళ్లిళ్లకూ భజనలకూ హార్మోనియం వాయించేవారు. ఇది వచ్చాక హార్మోనియం అటకెక్కింది.

2003లో ఆయన ఇందులో బతుకమ్మ పాటలు ఎక్కించిన తీరు వేరు. మా వీధి ఆడవాళ్లం పదిమందిమి మేడమీద గుండ్రంగా తిరుగుతూ పాడుతుంటే, ఆయన మా పాదాలు చూస్తూ వాయించారు. చరణం చివర మేము వంగి చప్పట్లు కొట్టి నడుము ఎత్తేదాకా ఆయన చెయ్యి రెప్పపాటు ఆగేది. మిషన్ తాళం ఎవరి నడుము కోసమూ ఆగదు. ఆయన ఆగారు. ఆ ఆగడం కూడా అందులో ఎక్కింది. అలా ఇరవై ఏడు పాటలు. 2016 నవంబర్‌లో ఆయన పోయాక కూడా, ప్రతి బతుకమ్మకూ మేము తిరిగింది ఆ చేతి వెంటే.

కరెంటు ఉన్నంతసేపు ఆ పాటలు పదిలం. కరెంటు తీసేస్తే వాటిని కాపాడేది లోపలున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ. అది చచ్చాక ఒక్కసారి స్విచ్ ఆపితే, మళ్లీ వేసేసరికి కీబోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి కీబోర్డే. ఆయన ఉండరు. బ్యాటరీ మార్చాలన్నా ముందు కరెంటు తీయాలి, కరెంటు తీయాలంటే ముందు పాటల్ని ఫ్లాపీలోకి దింపుకోవాలి. వరాఛాలో కీబోర్డులు బాగుచేసే మెకానిక్ ఫోన్‌లో చెప్పిన మాట అదే. లాక్‌డౌన్‌తో అతని దుకాణానికి తాళం పడి అప్పటికి పదిహేను రోజులైంది.

నా కొడుకు సూరత్‌లో పుట్టి పెరిగినవాడు. వాడికి అన్నిటికీ ఫోనే మందు.

“ఫోన్ల రికార్డ్ చేస్కుంటే అయిపాయె గదమ్మా. బస్, ఎన్నటికీ పోదు.”

“ఫోన్ల పెట్టుకుంటే వినొచ్చు బిడ్డా. దాంతోని పాడరాదు,” అన్నాను.

వాడికి అర్థం కాలేదు. విడమరిచి చెప్పాల్సి వచ్చింది. 2003లో మా గొంతులు నల్ల ఐదు శ్రుతిలో పలికేవి. ఇప్పుడు నల్ల మూడు దాటితే దగ్గు. తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెడితే నాలుగు మెట్లు కిందికి దిగాం. ఈ కీబోర్డులో ఒక అంకె మారిస్తే చాలు, ఆయన చెయ్యి మాతోపాటు కిందికి దిగుతుంది. కాళ్లు నెమ్మదిస్తే వేగం తగ్గించుకోవచ్చు. గొంతుకు గొంతు, కాలికి కాలు. ఫోన్‌లో రికార్డు చేసింది ఫోటో లాంటిది, 2003 దగ్గరే నిలబడి ఉంటుంది. మేము నిలబడలేదు కదా.

ఇక ఫ్లాపీల సంగతి. ఆయన ప్రతి పాటనూ రెండు ఫ్లాపీల్లో దింపి, డబ్బాలో పెట్టి, బీరువా పైన ఉంచారు. ఏప్రిల్‌లో డబ్బా తీస్తే ఖాళీ. నా కొడుకును అడిగితే ముందు తెలియదన్నాడు. రెండోసారి అడిగితే తల గోక్కున్నాడు. వాడికి సూరత్ బయట కడోదరాలో చీరలకు ఎంబ్రాయిడరీ వేసే చిన్న కార్ఖానా ఉంది. పాత మిషన్లు, డిజైన్ ఫ్లాపీలోంచే ఎక్కాలి. ఎప్పుడో ఒక అర్జెంటు ఆర్డర్‌కు ఖాళీ ఫ్లాపీ దొరక్క ఈ రెండూ పట్టుకుపోయాడు. ఉన్నది తుడిచేయనా అని మిషన్ అడిగితే సరేనన్నాడు. అలా వాళ్ల బాపు పాటల మీద మామిడి పిందెల చీర అంచు ఎక్కింది.

“అంచు మస్తు నడిచిందమ్మా,” అన్నాడు, అదేదో నాకు ఊరట అయినట్టు.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట నేను వాడికి అన్నం పెట్టలేదు. కోడలు పెట్టింది.

పాటలు దింపుకోవడానికి పనికొచ్చే ఫ్లాపీలన్నీ కడోదరా కార్ఖానాలోనే ఉన్నాయి. దారిలో పోలీసులు. కార్ఖానాకు తాళం. కాబట్టి నా ముందున్న దారి ఒక్కటే, దారి తెరిచేదాకా స్విచ్ ఆపకుండా ఉంచడం. కొడుకు పాత కంప్యూటర్‌కు యూపీఎస్ అనే కరెంటు పెట్టె ఉంది, కరెంటు పోతే పది నిమిషాలు నిలబెడుతుంది. మొదటి రోజే కీబోర్డు వైరు దానికి తగిలించేశాను. మే నెల ఎండలకు కీబోర్డు వీపు కాలుతుంటే టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పాను.

“అత్తమ్మా, మీ పెట్టెకు ఏసీ గుడ పెట్టిద్దామా?” అంది కోడలు.

“పెట్టియ్యి. బిల్లు నా పింఛన్ల కెల్లి కట్టుకో,” అన్నాను.

అదే నెలలో మన వాళ్లు చాలామంది ఊళ్లకు బయలుదేరారు. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి వీధుల్లో చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. నా కొడుకు కూడా ఎవరినో పట్టుకుని కారుకు పాసు సంపాదించాడు. సిరిసిల్లలో మా ఆడపడుచు ఇంట్లో రెండు నెలలుండి వద్దామన్నాడు. ఆ కారులో మనుషులం పడతాం, కీబోర్డు పట్టదు. పట్టినా కరెంటు ఎక్కడిది? మీరు పోయి రండి, నేను ఉంటాను అన్నాను. ముసలిదాన్ని ఒక్కదాన్నే వదిలి పోతే నలుగురూ ఏమంటారని వాడు. నలుగురూ ఇళ్లలోంచి బయటికే రావడం లేదు, ఎవరంటారని నేను. పాసు గడువు దాటిపోయింది. ఎవరం కదల్లేదు.

మే చివరి వారంలో లిఫ్టులో కాగితం అంటించారు. వానలు రాకముందే ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేస్తారట, ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంటు ఉండదు. నా యూపీఎస్ బలం పది నిమిషాలు.

మా సొసైటీకి జనరేటర్ ఉంది, లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ మాత్రమే. మాస్కు కట్టుకుని, మెట్లు దిగి సొసైటీ ప్రముఖ్ దగ్గరికి వెళ్లాను. అధ్యక్షుణ్ణి ఇక్కడ అలాగే పిలుస్తారు. బట్టల వ్యాపారి, గుజరాతీ, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. జనరేటర్ లైను నుంచి మా ఫ్లాటుకు ఒక్క వైరు కావాలన్నాను. ఎవరికైనా ఆక్సిజన్ మిషన్ పెట్టారా అని కంగారుగా అడిగాడు. కాదు, కీబోర్డుకు అన్నాను. అతని ముఖం మారిపోయింది. ఒకరికిస్తే నలభై ఫ్లాట్లవాళ్లూ అడుగుతారు, రూలు ఒప్పుకోదన్నాడు. ఆపైన గుజరాతీలో మెల్లగా, పెద్దదాన్ని బుజ్జగించినట్టు అన్నాడు:

“మాసీ, జనం చచ్చిపోతుంటే మీకు బాజా బాధేంటి?”

ఆ మాటకు నాకు కోపం రావాలి. వచ్చింది. కానీ కోపంలో నేను ఎక్కువ మాట్లాడను, తేదీలు చెబుతాను. మేము ఈ సొసైటీకి వచ్చింది 2009 జూన్‌లో. ఆ ఏటి నుంచి 2015 దాకా ఏడు నవరాత్రులు, ఈ కాంపౌండులో గర్బాకు వాయించింది ఈ బాజానే. తొమ్మిదేసి రాత్రులు. అద్దె ఒక్క పైసా అడగలేదు. 2012లో వాన పడితే దానికి గొడుగు పట్టుకుని నిలబడింది నేను. అతని కూతురు మొదటిసారి గర్బా ఆడింది ఆ ఏడే, జారిపడి ఏడ్చింది కూడా. అన్నీ చెప్పి, గుజరాతీలోనే అన్నాను:

“జనం చచ్చిపోతున్నారు కాబట్టే అడుగుతున్నాను. నా ఇంట్లో ఒకాయన ఒకసారి చచ్చిపోయాడు. రెండోసారి నీ రూలు కోసం చావనియ్యను.”

 అతను ఇస్తానని అనలేదు. ఆదివారం తన వాచ్‌మన్ కళ్లు మూసుకుంటాడని మాత్రం అన్నాడు. చాలు.

ఆదివారం ఎనిమిదిన్నరకే నా కొడుకు లిఫ్టు గదినుంచి మెట్ల మీదుగా వైరు లాగి యూపీఎస్‌కు కలిపాడు. నేను కుర్చీ వేసుకుని ఆ వైరు పక్కనే కూర్చున్నాను, ఎవరి కాలికీ తగలకుండా. తొమ్మిదికి ఫ్యాన్లు ఆగాయి. యూపీఎస్ రెండుసార్లు అరిచి, జనరేటర్ మొదలవగానే ఊరుకుంది. కీబోర్డు తెర వెలుగుతూనే ఉంది. పైఅంతస్తు ఆవిడ దిగుతూ, సొసైటీ కరెంటు దొంగతనమా అంది. అవును అన్నాను. ఆవిడ కిందికి వెళ్లిపోయింది. డీజిల్‌కు నూట యాభై రూపాయలు మర్నాడు ప్రముఖ్ ఇంటికి పంపాను. తిప్పి పంపాడు. మళ్లీ పంపాను. ఉంచుకున్నాడు.

జూన్‌లో కడోదరా దారి తెరిచారు. నా కొడుకు కార్ఖానా తాళం తీసి, ఫ్లాపీల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. మూడు నెలలు మూసిన గదిలో వాటికి తెల్లగా బూజు పట్టింది. ఒక్కొక్కటే తుడిచి పెట్టాం, ఒక్కొక్కటే కీబోర్డు కక్కేసింది. చివరికి రెండే పనికొచ్చేవి మిగిలాయి. వాటిని మాత్రం వాడు చేత్తో పట్టుకుని ఇవ్వడం లేదు.

“గీ రెండిట్ల నడుస్తున్న డిజైన్లున్నయమ్మా. వేరే కాపీ లేదు. సేఠ్ ఆర్డర్ ఇస్తే ఏం జెయ్యాలె నేను?”

“మల్ల పంచింగ్ చేయించుకో. డిజైన్ గీసేటోడు బతికే ఉన్నడు గద. మీ బాపుతోని మల్ల వాయిపిస్తవా?”

కోడలు వచ్చి వాడి చేతిలోంచి ఫ్లాపీలు తీసి నాకిచ్చింది. 

ఉన్నది తుడిచేయనా అని కీబోర్డు అడిగింది. తుడిచెయ్యమన్నాను. దింపడం మొదలుపెట్టాక లోపల గరగరమని చప్పుడు, మధ్యలో ఒకసారి ఆగిపోయింది, నా కొడుకు గుమ్మం దాటి వెళ్లిపోయాడు. మళ్లీ మొదటినుంచి. రెండోసారి ఆగలేదు. ఇరవై ఏడు పాటలు. తర్వాత రెండో ఫ్లాపీలోకి కూడా దింపాను, ఒకదాన్ని నమ్మే వయసు కాదు నాది.

అప్పుడు స్విచ్ ఆపాను. ఎవరినీ ఆపనివ్వలేదు, నేనే ఆపాను. తెర నల్లబడింది. మెకానిక్ ఫోన్‌లో చెబుతుంటే, తిరిగొచ్చిన కొడుకు మరలు విప్పాడు, పాత బిళ్ల తీసి కొత్తది పెట్టాడు. మళ్లీ స్విచ్ వేస్తే, మెకానిక్ అన్నట్టే, లోపల ఒక్క పాట లేదు. ఫ్లాపీ పెట్టి ఎక్కించాను. ఎక్కాక మొదటి పాట మీట నొక్కాను. వచ్చింది. చరణం చివర ఆ చెయ్యి ఆగింది.

ఇక భయం లేదు కదా, ఇలాంటి పాతవాటికి ముంబయిలో మంచి ధర పెట్టేవాళ్లున్నారని నా కొడుకు మర్నాడే అన్నాడు. ఫ్లాపీలను చదివేది ఇది ఒక్కటేనని, దీన్ని అమ్మితే వాటిని గోడకు తగిలించుకోవాలని చెప్పాను. వాడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త బ్యాటరీ ఐదేళ్లు వస్తుందని మెకానిక్ చెప్పాడు. నేను నాలుగేళ్లే నమ్ముతాను. మార్చిన తేదీ మార్కర్‌తో కీబోర్డు అడుగున రాశాను, దాని పక్కనే మళ్లీ మార్చాల్సిన తేదీ. 2024 జూన్. అప్పటికి నాకు డెబ్బై రెండు. అప్పుడు మరలు విప్పేది కూడా నేనే.