కర్ర కింద ముద్ర

గడియారాల పిన్ని సొంత బాబాయి మీదే తుపాకి పేల్చిందని వీధిలో చెప్పుకుంటారు. దుకాణంలో వాటా కావాలని ఆయన గడపలో నిలబడి కేకలు వేశాడట. ఈవిడ లోపలికి వెళ్ళి, తండ్రి వదిలిపోయిన పొడవాటి పాత తుపాకి పట్టుకొచ్చిందట. గుండు ఆయన చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయిందట. ఆయనకు ఎడమ చెవి వినపడనిది అప్పటినుంచేనట. సెలూన్లో ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అని ముగిస్తారు. కథ మాత్రం ముగియదు. ఒకరి నోట ఒక గుండు పేలితే ఇంకొకరి నోట రెండు పేలతాయి.

పిన్ని ఈ కథను కాదనలేదు, ఔననలేదు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆగిపోయిన గడియారాల పొట్టలు విప్పుకుంటూ కూర్చునేది. పిల్లలు గుమ్మం దాకా వచ్చి తొంగి చూసి పారిపోతుంటే, "మెల్లిగా, పడతారు" అనేది.

ఆమె తండ్రి కూడా గడియారాలు బాగుచేసేవాడే. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి పాత తుపాకులు. మూడు సంపాదించాడు. ఒకటి పిడి విరిగిన పిస్తోలు, ఒకటి జంట గొట్టాలది, మూడోది చెకుముకి రాయితో నిప్పు పుట్టించే పొడవాటిది. ఆయన పోయిన నెలకు నోటీసు వచ్చింది. లైసెన్సు మనిషితోనే పోతుంది. తొంభై రోజుల్లో వారసులు సొంత లైసెన్సైనా తెచ్చుకోవాలి, తుపాకులైనా అప్పగించాలి. అప్పగించినవి కొలిమికి పోతాయి.

పిన్ని ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరికమ్మా ఇది?"

"నాకేనండీ."

"మీరు తుపాకులు పోగుచేస్తారా? హాయిగా అల్లికలు చేసుకోకూడదూ?"

"అల్లికలకు లైసెన్సు అక్కర్లేదు కదండీ. అందుకని ఆ పని మీద రాలేదు."

వెనక బెంచీ మీదివాళ్ళు నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. దరఖాస్తు తిరిగొచ్చింది. సేకరణ ఉద్దేశం అన్నచోట ఆమె "మా నాన్నవి కాబట్టి" అని రాసింది. అది ఉద్దేశం కిందికి రాదన్నారు. రెండోసారి కూడా తిరిగొచ్చింది. ఆమె గడువు పెంచమని అర్జీ పెట్టి, కాళ్ళరిగేలా తిరిగి, ఆ పెంచిన రోజుల్లో మూడు తుపాకులనూ కొలిచింది. ఒక్కొక్క స్ప్రింగూ ఎలా బిగుస్తుందో, ఎలా వదులుతుందో బొమ్మలు గీసింది. మూడో దరఖాస్తు పదకొండు కాగితాలయింది. అందులో ఒకచోట "పాత ఇనుము మీది తుప్పు తియ్యకూడదు, అదే దాని వయసు" అని రాసింది. ఆ మాట తర్వాత ఆమెకే అవసరపడింది.

లైసెన్సు వచ్చింది, షరతులతో. గోడకు బిగించిన ఇనప బీరువా, రెండు తాళాలు, రెండు చెవులూ ఆమె దగ్గరే. ఒక రిజిస్టరు. అందులో ప్రతి తుపాకి నంబరూ, చేసినవాడి ముద్రా. మూడేళ్ళకోసారి ఆఫీసరు వచ్చి సరిచూస్తాడు. సరిపోలని వస్తువును పట్టుకుపోతారు, లైసెన్సూ ఆగిపోతుంది. రెండు తనిఖీలు ఇబ్బంది లేకుండా గడిచాయి. మూడోది సోమవారం.

శనివారం పొద్దున్న బీరువా తీసి పొడవాటి తుపాకి ఒళ్ళో పెట్టుకుంది. దుమ్ము తుడుద్దామనే కూర్చుంది. కానీ ఆ చేతినుంచి మెరవకుండా ఏ గడియారమూ గడప దాటింది లేదు. పాతికేళ్ళ అలవాటు. పక్కనే పాలిష్ డబ్బా ఉంది, మెత్తటి తోలుముక్క ఉంది. మనసు ఎక్కడో ఉంది, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

టీ తెచ్చిన ఆమె వదిన గుమ్మంలోనే ఆగింది. "అబ్బో! ఇప్పుడే కొన్నట్టుందే!"

పిన్ని తోలుముక్క పక్కన పడేసింది. భూతద్దం పెట్టుకుని గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. రిజిస్టరులో 'నంబరు 417, చేప ముద్ర' అని ఉంది. ఎప్పుడో అరిగి సగమైన ఆ అంకెలు ఇప్పుడు బొత్తిగా లేవు. చేపకు తోక కూడా మిగల్లేదు.

సంగతి తెలిశాక వదిన పీట లాక్కుని కూర్చుంది. "దీనికింత దిగులెందుకే? నీ దగ్గర సన్న ఉలి ఉందిగా. మూడంకెలు, ఒక చేప. పావుగంట పని."

"చెక్కడం రాక కాదు వదినా."

"మరింకేం?"

"చెక్కితే అది నా చేప అవుతుంది."

"నీ నిజాయితీ తగలెయ్య! రేపు వాళ్ళు దీన్ని కొలిమిలో పడేస్తుంటే, నీ నిజాయితీ పోయి పట్టుకొస్తుందా?"

పిన్ని ఉలి ఉన్న సొరుగు మూసి, తాళం కూడా వేసింది, తన చేతిని తనే నమ్మనట్టు. బల్లమీద విప్పి పెట్టిన గడియారం చక్రాలకేసి చూస్తూ కూర్చుంది. ప్రతి చక్రం వెనకా ఒక చిన్న గీత. ఒకేసారి పది గడియారాలు చేసేవాడు ముక్కలు కలిసిపోకుండా లోపలివైపు గుర్తు పెట్టుకుంటాడని నాన్న చెప్పేవాడు. తుపాకులు చేసినవాడి బల్లమీద మాత్రం ఒక్క తుపాకే ఉంటుందా? వాడూ పెట్టుకునే ఉండాలి, గొట్టం అడుగున బిగించిన కర్ర దాన్ని కప్పేసిన చోట.

"అయితే ఇంకా చూస్తావేం? విప్పు!" అంది వదిన.

పిన్ని చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. "ఇప్పుడు విప్పితే, అది పాతదో, నిన్న నేను చెక్కిందో ఆఫీసరుకేం తెలుస్తుంది? లోపలి మట్టి ఆయన కళ్ళ ముందే రాలాలి."

"అక్కడ ఏమీ లేకపోతే?"

"లేకపోతే పోతుంది. నేను అబద్ధమాడి ఉంచుకోలేను."

సోమవారం ఆఫీసరు వచ్చాడు. నెరిసిన మీసం, చంకలో ఫైలు. పిస్తోలు సరిపోయింది, జంట గొట్టాలదీ సరిపోయింది. మూడోదాని మీద ఆయన చెయ్యి వెయ్యకముందే పిన్ని చెప్పేసింది.

"సార్, దీని మీద నంబరు లేదు. శనివారం నేనే పాలిష్ పట్టి చెరిపేశాను."

ఆయన కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. "తప్పు దాచేవాళ్ళను చాలామందిని చూశానమ్మా. కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పినవాళ్ళను మాత్రం చూళ్ళేదు. అయినా రూలు రూలే. దీన్ని పట్టుకెళ్ళాలి."

"తెలుసండీ. ఒక్క అరగంట ఇవ్వండి. కర్ర విప్పుతాను. మీరు కన్నార్పకుండా చూస్తూండాలి."

ఆయన గడియారం చూసుకోబోయి, చుట్టూ గోడనిండా గడియారాలే ఉండడంతో చెయ్యి దించేశాడు. "కానివ్వండి."

కర్రకు అడ్డంగా మూడు సీలలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో చుక్క నూనె వేసి ఆగింది. చిన్న చెక్క సుత్తితో తట్టితే మొదటిది జారింది. రెండోదీ జారింది. మూడోది మొరాయించింది. ఇంకాస్త గట్టిగా తట్టేసరికి కర్ర కిర్రుమంది. గుమ్మంలో వదిన గోళ్ళు కొరకడం ఆపేసింది.

"వద్దులెండమ్మా, విరుగుతుంది" అన్నాడు ఆఫీసరు.

పిన్ని సుత్తి దించి, ఆ సీలను భూతద్దంతో చూసింది. ఒక కొస సన్నం, ఒక కొస లావు. గోడగడియారాల్లో వేసే సీలలూ ఇలాంటివే. సన్నటి కొసమీద కొడితేనే వెనక్కి వస్తాయి. ఇది మిగతా రెండింటికీ ఎదురు పక్కనుంచి దిగింది, తను లావు కొసమీద కొడుతోంది! తుపాకి తిరగేసి రెండో పక్కనుంచి ఒక్కసారి తట్టింది. సీల బల్లమీద పడి దొర్లింది.

కర్ర లేచింది. దాని కింద నల్లటి జిడ్డు, ఎన్నేళ్ళదో మట్టి. పిన్ని వేలు కూడా పెట్టలేదు. గుడ్డ ఆఫీసరు చేతికిచ్చింది.

"మీరే తుడవండి."

ఆయన తుడిచాడు. ముందు ఏమీ కనపడలేదు. మళ్ళీ తుడిచాడు.

"చేప ఉందమ్మా."

"అంకెలు?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నాలుగు... ఒకటి... ఏడు."

వదిన గోడకు జారగిలబడి, "టీ పెట్టొస్తా" అని, అక్కడే నిలబడిపోయింది.

ఆఫీసరు రిజిస్టరులో 'పై ముద్ర చెరిగినది, కర్ర కింది ముద్ర సరిపోయినది' అని రాసి సంతకం చేశాడు. లైసెన్సు ఇంకో మూడేళ్ళు సాగింది. "ఒక్క షరతు. ఆ పాలిష్ డబ్బా ఈ బీరువా గదిలోకి రాకూడదు. మూడు తుపాకులకంటే అదే ప్రమాదంగా ఉంది."

"ఈపూటే బయట పడేస్తానండీ."

ఫారంలో ఇంకో గడి మిగిలింది, పనిచేసే స్థితి అని. ఆయన తుపాకిని వెలుగుకు ఎత్తి, రాయి బిగించే దవడలను పరీక్షగా చూస్తూ అడిగాడు. "ఇల్లెక్కడని అడిగితే సెలూన్లో ఏదో కథ చెప్పారు. మీ బాబాయిగారి చెవి సంగతి..."

"చెప్పే ఉంటారు" అంది పిన్ని, సీలలు వరసగా పేర్చుకుంటూ. "మీకు కనపడింది మీరు రాసుకోండి సార్."

ఆయన రాశాడు. ఆ తుపాకికి చెకుముకి రాయి లేదు. తండ్రి కొన్నప్పుడూ లేదు, తర్వాతా ఎవరూ పెట్టలేదు. రాయి లేనిదే అది పేలదు.