కెమెరాకు పెట్టిన బొట్టు

మా ఆయన రైల్వేలో కీమ్యాన్. పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు ఎక్కడైనా వదులయ్యాయేమో చూసుకుంటూ, వదులైన చోట సుత్తితో బిగిస్తూ, రోజూ తన బీటంతా, అంటే తన వంతు లైనంతా, నడవడం ఆయన పని. మన రాష్ట్రం దాటాక కొండల్లో సాగే కిరండూల్ లైనులో, గీదం అనే ఊరికి ఇవతల ఒక చిన్న స్టేషను క్వార్టర్లోనే మా కాపురమంతా గడిచింది. ఇనుపరాయి మోసుకుపోయే గూడ్సుల దుమ్ముకు మా ఇంట్లో తెల్లబట్ట తెల్లగా ఉండి ఎరగదు. అయినా మాకు అన్నం పెట్టినవి ఆ బండ్లే. ఏనాడూ వాటిని తిట్టుకోలేదు.

పోయిన వానాకాలం తడిసిన కంకర మీద జారి ఆయన తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. దేవుడి దయవల్ల మనిషి దక్కారు. కానీ ఇక బీటు నడవలేరని తేలిపోయింది. ఎండాకాలం చివరికి క్వార్టర్ ఖాళీ చేసి విజయనగరం వైపు మా ఊరికి వెళ్లిపోవాలి. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టి అన్నారు.

"ఇన్నేళ్లూ తల దించుకునే నడిచానే. సుట్టూ ఏటుందో సరిగ్గా సూడనేదు."

నిజమే. కీమ్యాన్ కళ్లు పట్టా మీదే ఉండాలి. బీటు చివర ఒక మలుపుంది. మలుపులో కీలు తొందరగా వదులవుతాయి, అందుకని అక్కడ మరీ వంగి నడవాలట. అక్కడే కుడివైపు లోయలో గెడ్డ పారుతున్న చప్పుడు వినిపిస్తుందట. వినడమే తప్ప, తల తిప్పి చూసింది లేదు. వెళ్లేలోగా ఆ గెడ్డనూ, దాని వెనక కొండలనూ ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. కుర్చీలో కూర్చోబెట్టినా పావుగంటకే నొప్పితో చెమటలు పట్టే మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్లను?

అప్పుడు గుర్తొచ్చింది, మా తమ్ముడి పాత కెమెరా. సబ్బుపెట్టె అంత ఉంటుంది. బటన్ నొక్కితే లెన్సు తాబేలు తలలా బయటికొస్తుంది, దూరపు కొండ దగ్గరికొస్తుంది. వాడు మంచి ఫోను కొనుక్కుని దాన్ని నాకిచ్చేశాడు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చదువంతా ఇంట్లోనే, మా అమ్మ స్తోత్రాల పుస్తకం ముందేసుకుని వేలు పెట్టి చూపిస్తే నేర్చుకున్నాను. కెమెరా కూడా అలాగే, ఒక్కొక్క బటనూ నొక్కి చూసి నేర్చుకున్నాను.

ఈలోగా దసరా వచ్చింది. ఏటా ఆయుధపూజకు ఆయన సుత్తినీ రెంచినీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేవారు. ఈసారి ఇంట్లో సుత్తి లేదు, రెంచి లేదు. రెండూ ఆఫీసుకు తిరిగి ఇచ్చేశాం. నేను వంటింట్లో నైవేద్యం పనిలో ఉండగా, ఆయన మంచం మీంచే చెయ్యి చాపి కెమెరా తీసుకుని, కన్నులాంటిది కదా అని సరిగ్గా లెన్సు మూత మీద నిండుగా కుంకుమ పెట్టారు. చూసి నాకూ ముచ్చటేసింది. కళ్లకద్దుకున్నాను.

మర్నాడు కెమెరా ఆన్ చేయగానే మూత రెండుగా విచ్చుకుంది, కుంకుమ లోపలికి జారింది. పైగాజు తుడిచాను. లోపలిది అలాగే ఉండిపోయింది. గీదంలో రిపేరు షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి, విప్పితే మళ్లీ బిగించే పూచీ నాది కాదని హిందీలో చెప్పి చేతిలో పెట్టేశాడు.

అయినా చలికాలంలో ఒకరోజు పొద్దున్నే వంట చేసి, ఆయనకు స్నానం చేయించి, మంచం మీద గుడ్డలు మార్చి, మలుపు దాకా నడిచాను. అక్కడి పట్టాలూ వంతెనా ఫొటో తీయవద్దని, లైనుకు కాపలా ఉండే జవాను ముందే చెప్పాడు. అటు వీపు పెట్టి గెడ్డనూ కొండలనే తీశాను. తెచ్చి చూపిస్తే ప్రతి ఫొటోలోనూ ఆకాశం మూల ఎర్రటి మరక. అదేమిటో ఆయనకు చెప్పక్కర్లేకపోయింది.

"ఒగ్గేయే ఇంక," అన్నారు.

ఆ తరవాత గెడ్డ ఊసు లేదు. ఏమీ అడగడం మానేశారు. కూర బాగోలేదని కూడా అనేవారు కాదు. ఆయన్ని ఎత్తీ దించీ నా నడుం పడిపోయేది గానీ, ఆ మౌనం అంతకన్నా బరువుగా ఉండేది. ఆయన చేత మళ్లీ ఏదో ఒకటి అడిగించు తండ్రీ, అని మొక్కుకునేదాన్ని.

ఇప్పపువ్వు రాలే రోజులొచ్చాయి. రాలిన పువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేస్తారు, ఆ పొగకు మధ్యాహ్నమైతే కొండలు కనబడవు. అందుకని తెల్లారగానే మళ్లీ వెళ్లాను. ఫలితం అదే. ఓపిక లేక ఒక ఇప్పచెట్టు కింద కూలబడ్డాను. పువ్వు ఏరుతున్న ఒకామె బుట్ట పక్కన పెట్టి నా ఎదురుగా కూచుంది. తెలుగు మాట్లాడే కోంటా వైపు పిల్ల, ఇక్కడికి కోడలుగా వచ్చిందట. ఫొటో చూపిస్తే నవ్వింది.

"ఏంది అక్కా, మన్ను ఆకాశానికెక్కింది? కిందుండాలె గద."

నేనూ నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగింది. లేచి కెమెరాను తలకిందులుగా పట్టుకుని గెడ్డనూ కొండలనూ తీశాను. మళ్లీ అలాగే తలకిందులుగా పట్టి చూశాను. మరక కిందికి దిగింది. ఇక్కడి నేల ఎలాగూ ఎరుపే. ఆ మట్టిలో అది కలిసిపోయింది.

"ఇట్ల పట్టినవేంది? వాగు నీళ్లు ఒలుకుతయి జూడు," అందామె, బుట్ట నెత్తికెత్తుకుంటూ.

ఇంటికొచ్చి ఆయన చేతిలో కెమెరా తలకిందులుగానే పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. బొట్టేదని అడిగారు. మట్టిలో ఉంది, వెతుక్కోండి అన్నాను. వెతకలేదు. వేలితో గెడ్డనే చూపించారు.

"ఇంత దగ్గిరేటే ఇది? నానెక్కడో దూరం అనుకున్నాను."

కుర్చీలో కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టాను. గెడ్డ మలుపు తిరిగాక ఎటు పోతుందో అది కూడా తీసుకురమ్మన్నారు, రేపే. నా మోకాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. అడిగించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, మర్నాడు వెళ్లాను.