సారు గీసిన రెండు నక్షత్రాలు

జమ్మలమడుగు బస్టాండులో ఒకే ఫ్లెక్సీ మీద మా ఊరి రెండు పార్టీల పెద్దలూ పళ్లికిలిస్తున్నారు. చూడగానే సారు బోర్డు మీద గీసిన బొమ్మ గుర్తొచ్చింది.

మా బడిలో ఎడమ వరుస మా పార్టీ పిల్లలది, కుడి వరుస వాళ్లది. మంచినీళ్ల కుండలూ వేరే. ఆరోజు సారు బోర్డు మీద రెండు నక్షత్రాలు గీసి, దగ్గరగా తిరిగే పెద్ద నక్షత్రాలు ఒక్కోసారి కలిసిపోతాయన్నాడు.

నేను లేచాను. "ఏది యా పార్టీలోకి పోతాది సార్?"

"మా దాంట్లోకే," అన్నాడు కుడి వరుసలోంచి ఓబులేసు. పలక విసిరాను.

సారు నవ్వలేదు. "రెండూ ఒకటైపోతాయిరా. బతికినన్నాళ్లూ సొంత ఒంటినే గాలిలాగా బయటికి చిమ్ముకుంటాయి. అట్లా పోయింది మళ్లా రాదు."

ఇంటికెళ్లి చెబితే మా నాయన గొడ్డలి నూరుతూ, "సుక్కలు కలుస్తాయేమో. మన పెద్దాయన సచ్చినా వాళ్లతో కలవడు," అన్నాడు.

ఆ ఏడే మా నాయన ఆ పెద్దాయన జీపుకు అడ్డం నిలబడి, దానిమీద వేసిన బాంబు దెబ్బకు పోయాడు. వారం తిరక్కుండానే ఓబులేసు వాళ్ల నాయనను మావాళ్లు నరికారు.

ఫ్లెక్సీ అడుగున అనుచరుల చిన్న ఫొటోలు బారుగా ఉన్నాయి. ఎడమ నుంచి కుడిదాకా వెతికాను. మా నాయన లేడు. ఓబులేసు వాళ్ల నాయనా లేడు.