మూడో చుక్క కనబడేదాకా

మా మాస్టారు పోయారని బుధవారం పొద్దున ఫోను వచ్చింది. అప్పుడు నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో, మామా అని పిలిచే యజమానురాలి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. అందుకే ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు.

మీలో చాలామందికి ఆయన ఇండియన్ స్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు. నాకు అక్షరాలు నేర్పిన మనిషి. శుక్రవారం సెలవుకి మన సంఘం కూడే అబ్బాసియాలో ప్రార్థన అయ్యాక, ఆదికాండం మొదటి పేజీ ముందు పెట్టి, యాభై దాటిన నాచేత కూడబలుక్కుని చదివించారు. ఆ పేజీలోనే నాకు బెంగ పట్టుకుంది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఆగిపోతుందేమోనని, గ్యాస్ కట్టానో లేదోనని రోజూ ఉండే బెంగలకు ఇదొకటి తోడైంది.

"సూర్యుడు నాలుగో రోజున కదండీ వచ్చాడు? మీరేమో భూమికంటే సూర్యుడే ముందంటారు. నరకానికి పోతారండీ బాబూ, నన్నూ లాక్కుపోతారు!"

ఆయన నవ్వారు. "ఇప్పుడు టైమెంతమ్మా?"

"ఆరు."

"ఊళ్లో మీ చెల్లెలికి?"

"ఎనిమిదిన్నర."

"ఎవరి గడియారం అబద్ధమాడుతోంది?"

నేను గోడమీది గడియారం వైపు చూశాను.

"సూర్యుడే లేని ఆ మూడు రోజుల్ని మన గడియారంతో ఎలా కొలుస్తాం? దేవుడి రోజు దేవుడిది. యూదుల పెద్దలు ఈ ప్రశ్న ఎప్పుడో అడిగారు. అడిగినందుకు నరకానికి పోయినట్టు ఎక్కడా రాయలేదు."

యూదులకు సాయంత్రంతోనే కొత్త రోజు మొదలవుతుందట. ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే పాత రోజు అయిపోయినట్టు. అందుకని పాఠం కాగానే నన్నూ, నాతో చదువుకునేవాళ్లనూ మేడమీదికి తీసుకెళ్లి, దుమ్ముగాలిలో నీళ్ల ట్యాంకుల మధ్య నిలబెట్టి లెక్కపెట్టించేవారు. "దేవుడు చేసినవాటిని చూస్తే దేవుడికి కోపమెందుకొస్తుంది?" అనేవారు.

మొన్న శుక్రవారం ఆయన జ్ఞాపకార్థం కూడుకున్నాం. సంఘపెద్ద లేచి, "చుక్కల పిచ్చిలో వాక్యం తప్పిన మనిషి. విశ్వాసులకు పాడే వీడ్కోలు పాట ఇవాళ వద్దు," అన్నారు.

ఈ దేశంలో ఆ గదిలోవాళ్లు తప్ప నాకు చుట్టాల్లేరు. రావద్దంటే ఎక్కడికి పోను? అయినా లేచాను.

"అయ్యగారూ, పదిహేనేళ్లు పుస్తకం తలకిందులుగా పట్టుకుని మీకు ఆమెన్ చెప్పాను. ఇప్పుడు చదువుతున్నానంటే ఆయన చలవే. ఆయన తప్పితే నేనూ తప్పినట్టే. నన్నూ ఆ తప్పినవాళ్ల లెక్కలో రాసుకోండి."

"కూర్చోమ్మా."

"కూర్చోనండీ."

పాట నేనే ఎత్తుకున్నాను. నాకు రాగం రాదు. మొదటి చరణమంతా నా గొంతొక్కటే. రెండోదానికి కుట్టుపని చేసే పిల్ల కలిసింది, తర్వాత వెనక వరసవాళ్లు కలిశారు. పెద్దగారు కలవలేదు.

పాటయ్యాక మేడెక్కాను. రెండు చుక్కలు కనబడ్డాయి. కంట్లో పొర, పైన దుమ్ము. కిందినుంచి, "అక్కా, బస్సు పోతాంది, దిగు!" అని అరుస్తున్నారు. బస్సు తప్పిపోతుందంటే నాకెంత కంగారో వాళ్లకి తెలుసు.

మూడోది కనబడేదాకా నేను దిగలేదు.