పుస్తకంలో లేని వాడ

మా ఊరి చరిత్ర రాసింది నేనే. అట్టమీద నా పేరు ఉంది కాబట్టి కాదనడానికి వీల్లేదు. నలభై పేజీల చిన్న పుస్తకం, కోరుట్లలో అచ్చు వేయించారు. చదివినవాళ్లంతా బాగుందన్నారు. బాగుండక ఏం చేస్తుంది, ఎవరికీ నొప్పి కలిగించే మాట అందులో ఒక్కటి లేదు.

జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మా ఊరు. నేను అక్కడ పుట్టి, కోరుట్లకు కోడలిగా వచ్చి, ఇక్కడే బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రెండేళ్ల కింద ఊరి పెద్దలు కొత్త బొడ్రాయి వేయాలనుకున్నారు. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. నడిఊళ్లో పాతిన రాయి. రోడ్డు మీద రోడ్డు పోసీ పోసీ పాత రాయి తల మాత్రమే పైకి కనబడుతోంది. కొత్త రాయితో పాటు ఊరి చరిత్ర కూడా ఒకటి ఉంటే బాగుంటుందని ఎవరో అన్నారట. వెంటనే మా అన్న, "మా చెల్లె ఉన్నది గద, రాస్తది" అన్నాడట. ఊళ్లో మా అన్న మాటకు బరువుంది. నాకూ సంతోషమే అయింది. రిటైరయ్యాక నా చదువు ఎవరికి కావాలి?

ఊరంతా తిరిగాను. ముసలివాళ్ల దగ్గర కూర్చున్నాను. వాగు పొంగి పాత ఊరు కొట్టుకుపోతే గుట్ట పక్కకు ఎట్లా జరిగారో, మొదటి బస్సు వచ్చిన రోజు దానికి బొట్టుపెట్టి కొబ్బరికాయ ఎవరు కొట్టారో, అన్నీ రాసుకున్నాను. మా ఊరివాళ్లకు ఒక గుణం ఉంది. పిలవనిదే ఎవరింటికీ పోరు, పిలిస్తే మాత్రం కాళ్లు నొచ్చినా పోతారు. ఇంకో గుణం, తమ మంచి తాము చెప్పుకోవడంలో ఎవరికీ తీసిపోరు. అది నాకూ వచ్చింది.

సాలెవాడ గురించి అడిగితే మాత్రం అందరూ ఒకే మాట అన్నారు. "వాళ్లు ఎప్పుడో సిరిసిల్ల పోయిండ్రు గద."

నా చిన్నప్పుడు ఊరికి ఉత్తరం దిక్కున పదమూడు ఇళ్ల నేతవాళ్లు ఉండేవాళ్లు. ఇంటింటికీ గుంట మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేవాళ్లు. చేతి మగ్గం మీద తిండి గడవక, ఒక్కో ఇల్లూ తాళం వేసి సిరిసిల్లకు పోయింది, అక్కడ సాంచెలు నడిపి బతకడానికి. పవర్‌లూమ్‌ను సిరిసిల్లలో సాంచె అంటారు. గోడలు కూలాయి, తుమ్మలు మొలిచాయి. ఆ తర్వాత ఆ జాగాలు ఎవరికి దగ్గరగా ఉన్నాయో వాళ్లవయ్యాయి. మా అన్న వడ్ల కొట్టం ఆ వాడలోనే ఉంది. దాని గచ్చు ప్రతి వానాకాలం ఒకచోట కుంగుతుంది. మా అన్న ప్రతిసారీ మేస్త్రీని తిట్టి మళ్లీ సిమెంటు పోయిస్తాడు.

ఆ కొట్టం ఉన్నచోట ఒకప్పుడు ఉన్న ఇంటి పెద్ద ఇంకా బతికే ఉన్నాడని తెలిసి, సిరిసిల్ల పోయాను. ఎనభై దాటిన మనిషి. వేములవాడలో బస్సు మారి పోయేసరికి మధ్యాహ్నమైంది. చుట్టూ సాంచెల చప్పుడు. కొడుకు పోయాడు, కోడలు బీడీలు చుడుతుంది, మనవరాలు డిగ్రీ చదువుతోంది. నన్ను చూడగానే మా నాయన పేరు చెప్పి, "ఆయన బిడ్డవు గదా" అన్నాడు. మా నాయన, ఆయన ఒకే ఈడువాళ్లు. ఆయన్ను నేను కాకా అనే పిలిచేదాన్ని.

ఆయన చెప్పిన సంగతి ఊళ్లో ఎవరూ చెప్పలేదు. పాత బొడ్రాయి నిలబెట్టినప్పుడు దానికి కట్టిన మొదటి బట్ట వాళ్లింట్లో నేసిందట. ముడి నూలు పసుపులో అద్ది, ఒక్కపొద్దు ఉండి నేయాలి. కత్తెర తగలకుండా మగ్గం మీంచి దించాలి.

"కొత్త రాయికి సుత నేనే నేస్త బిడ్డా. మగ్గం కట్టెలు అటక మీదున్నయి. ఎన్నడు పెట్టుకున్నరో జెర జెప్పు."

"తప్పకుండా చెప్త కాకా. మీ వాడ గురించి పుస్తకంల రాస్త" అన్నాను. టీ తాగి వచ్చేశాను.

ఆరు పేజీలు రాశాను కూడా. మొత్తం పుస్తకంలో ఆ ఆరు పేజీలే నాకు నచ్చాయి. అన్నకు చదివి వినిపించాను. అన్న విన్నాడు, కోప్పడలేదు. "మంచిగనే ఉన్నది చెల్లె. గని ఫలానాయిన ఇల్లు గీడ ఉండె అని నువ్వు రాస్తివి. రేపు ఆ పుస్తకం పట్టుకొని ఎవడన్న అస్తే?" అన్నాడు.

అంతే అన్నాడు. తీసెయ్యమని కూడా అనలేదు. తీసేసింది నేను. పేజీలు ఎక్కువైతే ప్రెస్సువాళ్లు ఒప్పుకోరని నాకు నేనే చెప్పుకున్నాను. పండుగ ఏ రోజో కాకకు చెప్పలేదు. పిలిస్తే పుస్తకం చేతికివ్వాలి కదా. పుస్తకం చూసి బొడ్రాయి కమిటీవాళ్లు మెచ్చుకున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

బొడ్రాయి పండుగకు ఊళ్లోని అన్ని ఇళ్లవాళ్లూ ఉండాలి, పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పిలవాలి. నన్నూ పిలిచారు. తెల్లవారకముందే పొలి, అంటే బలి అన్నం, చల్లుకుంటూ ఊరి చుట్టూ తిరిగి, పొలిమేర కట్టేశారు. ఇక రాయి నిలబెట్టి పూజ ముగిసేదాకా లోపలి మనిషి గానీ వస్తువు గానీ బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. రోడ్డుకు అడ్డంగా వేపమండలు కట్టిన తాడు కట్టి, కమిటీ పిల్లలను కాపలా పెట్టారు.

ఎనిమిదింటికి వాళ్లలో ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఒక ముసలాయన అచ్చిండు. మన ఊరేనంటుండు. పుస్తకంల చూసినం, సాలెవాడ అని ఏడ లేదు. మీరు జెర అచ్చి చెప్పుండ్రి."

నేను లేచి వాడి వెంట నడిచాను. అన్న కూడా నా వెంటే వచ్చాడు.

తాడుకు అవతల కాక నిలబడి ఉన్నాడు. తెల్ల ధోతి, చంకలో కొత్తగా నేసిన పసుపు బట్ట మూట. సిరిసిల్లలో మొదటి బస్సు ఎక్కి, జగిత్యాలలో దిగి, ఆటోలో వచ్చాడట. పండుగ సంగతి ఎవరో చుట్టం చెబితే తెలిసిందట. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"పిలువని పేరంటానికి అచ్చిండనుకోకు బిడ్డా. పనిల పడి మరిచిపోయినవనుకున్న. గీ పోరగాండ్లకు జెర చెప్పు."

పిల్లలు నా వైపు చూస్తున్నారు. వాళ్ల చేతిలో నా పుస్తకం ఉంది. అన్న నా పక్కన నిలబడి ఎటో చూస్తున్నాడు. "అవును, ఈయన మన ఊరివాడే" అంటే చాలు, తాడు ఎత్తేవాళ్లు. నాలుగు మాటలు. బడిలో అన్నేళ్లు గొంతు చించుకున్న మనిషిని, ఆ నాలుగు మాటలు అనలేకపోయాను.

"ఒకప్పుడు ఉండేవాళ్లు" అన్నాను.

అదీ నిజమే. నిజం చెప్పి మనిషిని ఎట్లా బయట నిలబెట్టవచ్చో ఆ రోజు నేర్చుకున్నాను. కాపలా పిల్లవాడు పాపం మర్యాదగానే, "ఇప్పుడున్న ఇండ్లోళ్లకే తాతా. పొలి చల్లినంక ఎవరిని రానియ్యద్దు" అన్నాడు.

కాక కోపానికి రాలేదు. నాతో అన్నాడు. "నువ్వు లగ్గమై పోయినవు, మేం బతకపోయినం. ఇద్దరం పోయినోళ్లమే గద బిడ్డా. నువ్వు లోపట, నేను బయట. గిదేం లెక్క?"

అన్న పూజకు టైమవుతుందని వెళ్లిపోయాడు. కాక తాడు అవతలే ఒక బండమీద కూర్చుని, బట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు పిల్లవాడి చేతిలోని పుస్తకం ఆయన కంట్లో పడింది.

"పుస్తకం అయిందా? ఏదీ, మా వాడ రాసింది జెర చదువు. ఇని పోత."

ఆయనకు చదువు రాదు. నేను పుస్తకం తీసుకుని తాడు ఇవతల నేలమీద కూర్చున్నాను. ఏదో ఒక పేజీ తెరిచాను. అది మొదటి బస్సు వచ్చిన పేజీ. దాని మీద చూపు పెట్టి, నేను కొట్టేసిన ఆరు పేజీల్లోంచి గుర్తున్నది చదివాను.

"ఊరికి ఉత్తరాన పదమూడు ఇళ్ల సాలెవాడ. కోడి కూయకముందే మగ్గం కూసేది. ఊళ్లో పుట్టిన బిడ్డకు మొదటి గుడ్డ, పోయిన మనిషికి ఆఖరి గుడ్డ ఆ వాడనుంచే వచ్చేది. బొడ్రాయికి కట్టిన తొలి బట్ట కూడా ఆ వాడదే."

కాక కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. మూడోసారి నాతోపాటు తనూ పెదవులు కదిపాడు. "మంచిగ రాసినవు. గీ మాట చాలు నాకు" అన్నాడు. పక్కన నిలబడ్డ పిల్లవాడు నా వైపు వింతగా చూశాడు. వాడు ఆ పుస్తకం అప్పటికే చదివి ఉంటాడు.

"ఒక పుస్తకం ఇయ్యి బిడ్డా. మనవరాలు చదివి చెప్తది. ఆ పేజీ కాడ మడత పెట్టు."

నేను బస్సు పేజీ మూల మడిచి, పుస్తకం తాడు మీంచి అందించాను. లోపలి వస్తువు బయటికి పోకూడదన్న కట్టడి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన పసుపు బట్ట నా చేతిలో పెట్టి, "పొలిమేర కట్టు ఇప్పినంక రాయికి కట్టు" అని వెళ్లిపోయాడు. ఎక్కువ దూరం నడవలేని మనిషి, ఆటో కోసం ఎంత దూరం నడిచాడో నేను చూడలేదు.

మర్నాడు రాయి దగ్గరకు పోయాను. జగిత్యాలలో కొన్న పట్టుబట్ట కట్టి ఉంది. దాని కింద, రాయి మొదట్లో, కాక బట్ట చుట్టాను. పైనుంచి చూస్తే కనబడదు. అక్కడ కూడా నేను చేసింది అంతే.

వారం తర్వాత కాక మనవరాలు ఫోన్ చేసింది. పుస్తకం వెనక నా నంబరు ఉంది. ఆ పిల్ల గొంతు వినగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

"మేడం, తాత మడత పెట్టిన పేజీ చదువుమన్నడు. అండ్ల బస్సు గురించి ఉన్నది. పుస్తకమంత చూసిన, మా వాడ లేదు."

"లేదమ్మా" అన్నాను.

"నాకు సమజైంది మేడం. తాతకు చెప్పలే. మీరు చదివినయి ఆయనకు నోటికచ్చు. అవే మాటలు ఆయనతోని చెప్పిచ్చుకొని, మల్ల పుస్తకం ముందట పెట్టుకొని చదివిన. రోజు చదువుమంటడు. నడుమ ఏదన్న మరిచిపోతే మీకు ఫోన్ చేస్త, ఏమనుకోకుండ్రి."

ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నా అబద్ధాన్ని ఇప్పుడు రోజూ ఆ పిల్ల మోస్తోంది. ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది. మొన్న, "ఆఖరి గుడ్డ తర్వాత ఏమున్నది మేడం?" అని అడిగింది. చెప్పాను.

అందుకే ఇది రాస్తున్నాను. రాసి ముందు సిరిసిల్లకు పంపుతాను, తర్వాత అన్నకు ఇస్తాను. ఆ ఆరు పేజీల్లో కూడా నేను రాయని వాక్యం ఒకటుంది, దాన్ని ఇక్కడ పెడుతున్నాను. మా అన్న వడ్ల కొట్టంలో గచ్చు కుంగేచోట మేస్త్రీ తప్పేం లేదు, అది కాక కాళ్లు పెట్టుకుని నేసిన మగ్గం గుంత.