గోడలో తలుపు

మా పిన్ని డ్రైవింగ్ నేర్పుతుంది. ఊళ్ళో సగం మంది చేత స్టీరింగు పట్టించింది ఆవిడే. మిగతా సగం ఆవిడ కేకలకి జడిసి బస్సెక్కుతున్నారు. అలాంటి మనిషి ఇల్లు కొంటే ఎలా ఉంటుంది? వంటగది చూడలేదు, గాలీ వెలుతురూ చూడలేదు. టేపు తీసి కారు పెట్టుకునే చోటు కొలిచింది. వీధి చివర కారు ఒక్క మలుపులో తిరిగిందో లేదో, "ఇదే మన ఇల్లు!" అని కేక పెట్టింది. మా బాబాయి ఎప్పటిలాగే తలూపాడు.

చేరాక తెలిసింది అసలు సంగతి. కాలనీ చుట్టూ ఎత్తైన గోడ. ఉన్నది ఒకటే గేటు, అదీ హైవే వైపు. కూరల కొట్టు, మందుల షాపు, టైలరు అన్నీ వెనక గోడకి అవతల. మేడ మీద నుంచి చూస్తే టైలరు ఏ రంగు గుడ్డ కుడుతున్నాడో కూడా కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళాలంటే మాత్రం గేటు దాటి, హైవే ఎక్కి, ఫ్లైఓవరు కింద యూటర్న్ కొట్టి రావాలి. పాత ఇంట్లో సొంత పనులకున్న ఒక్క కారూ ఎక్కువగా దుమ్ము పట్టి ఉండేది. ఇక్కడ రెండోది కొన్నా చాల్లేదు. పచ్చిమిరపకాయలకి కూడా కారే!

అన్నిటికీ మించిన చిక్కు పిన్ని అత్తగారు. ఆవిడకి కారు పడదు, ఎక్కితే చాలు కడుపులో తిప్పేస్తుంది. పాత వీధిలో రోజూ పదిమందిని పలకరించి వచ్చే మనిషి, ఇక్కడ మేడ కిటికీకి అతుక్కుపోయింది. ఓ రోజు తేల్చి చెప్పేసింది.

"ఇది ఇల్లు కాదే అమ్మాయ్. మీ కారుకి ఇల్లు కట్టి, పక్కన మనకో గది ఇచ్చారు. ఒకటో తారీఖున నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతా."

"కారెక్కకుండా ఎలా వెళ్తారు?"

"రైలుంది. స్టేషను దాకా కళ్ళు మూసుకుంటా."

పొద్దున లేస్తే అత్తాకోడళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. అయినా ఆ పూట పిన్నికి ముద్ద దిగలేదు. ఆవిడ వెళ్ళిపోతే ఇంక ఎవరితో పోట్లాడాలి?

మర్నాడే కాలనీ ప్రెసిడెంటు మీద పడింది. ఆయనా పిన్ని దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాడే. వెనక గోడకి తలుపు పెట్టించమంది.

"దొంగలొస్తారమ్మా," అన్నాడాయన.

"హైవే గేటు దొంగలకి కనపడదా అండీ? రివర్సు చేస్తూ మీరే ఆ వెనక గోడని ఒకసారి గుద్దారు కూడా. ఈసారి ఇంకాస్త గట్టిగా గుద్దండి, తలుపు అదే వస్తుంది!"

పక్కనున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆయనకీ నవ్వాగలేదు. చీకటి పడగానే తాళం వేయించే షరతు మీద ఒప్పుకున్నాడు.

గోడ పగలగొట్టిన రోజు చూడాలి మా పిన్ని సంబరం! మేస్త్రీ సుత్తి పడ్డప్పుడల్లా చప్పట్లే. తలుపు బిగించి తెరిస్తే, మెడలో టేపుతో టైలరు అవతల నిలబడి ఉన్నాడు.

"రోజూ కిటికీలో మిమ్మల్నే చూస్తుంటాను మామ్మగారూ. రండి, రండి!"

అత్తగారు వెనక్కి చూడకుండా గడప దాటేసింది.

పొద్దు వాలింది. ఆవిడ రాలేదు. ఫోను తియ్యలేదు. ఒకటో తారీఖు ఎల్లుండే.  పిన్ని తాళాలు అందుకుని కారు తీసింది. గేటు, హైవే, ఫ్లైఓవరు. యూటర్న్ దగ్గర బండి చీమలా కూడా కదలదు. హారను కొట్టేవాళ్ళని తిట్టే మా పిన్ని చెవులు చిల్లులు పడేలా హారను మోగించింది. అప్పుడు ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?"

"మీకోసమే వస్తున్నా అత్తయ్యా! మీరెక్కడ?"

"ఇంట్లో. టీ పెట్టి కూర్చున్నా. కారేసుకుని వెళ్ళావా? ఆ తలుపు పెట్టించింది నువ్వే కదే!"

పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. హారను మీంచి చెయ్యి తీసి అడిగింది.

"మరి ఎల్లుండి... రైలు?"

"ఎల్లుండి నాకెక్కడ కుదురుతుంది? టైలరుకి జాకెట్లిచ్చా, వారంలో ఇస్తానన్నాడు. టైలర్ల వారం సంగతి తెలుసుగా, ఎంత లేదన్నా ఏడాది."